మందులేమీ వాడటం లేదని చెప్పాను: ప్రొలాక్టిన్‌తో నా అనుభవం

2022 ఫిబ్రవరిలో మేడారం జాతరకు బయలుదేరే ముందు మా అమ్మ నా భార్యను బెల్లం దుకాణంలోని కాంటా మీద కూర్చోబెట్టి, ఆమె ఎత్తు బంగారం తూకం వేయించింది. యాభై మూడు కిలోలు తూగింది. సమ్మక్క సారలమ్మలకు సమర్పించే బెల్లాన్ని మా వైపు బంగారమనే అంటారు. సంతానం కోసమో, జబ్బు నయం కావాలనో నిలువెత్తు బంగారం మొక్కుకోవడం మా ఇళ్లలో తరతరాలుగా ఉన్న ఆచారం. ఆ మొక్కును నేను అప్పుడూ తప్పుపట్టలేదు, ఇప్పుడూ పట్టను. అయితే ఆ రోజు కాంటా మీద ఎవరు కూర్చోవాలన్న ప్రశ్న మా ఇంట్లో ఎవరికీ రాలేదు, జీవశాస్త్రం చదువుకున్న నాకు కూడా రాలేదు. పెళ్లయి అప్పటికి రెండేళ్ల తొమ్మిది నెలలు. పిల్లలు కాలేదంటే కూర్చోవలసింది కోడలేనని అందరం ముందే అనుకున్నాం.

నేను పరకాల వైపు ఒక గ్రామంలో, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. హన్మకొండలో అద్దె ఇంట్లో ఉంటూ రోజూ బస్సులో వెళ్లి వస్తాను. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి బొమ్మను నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. దాని నుంచి వెలువడే హార్మోన్లలో ప్రొలాక్టిన్ పేరు వచ్చినప్పుడు, తల్లిలో పాల ఉత్పత్తికి తోడ్పడుతుందని ఒక్క వాక్యం చెప్పి తర్వాతి పేరుకు వెళ్లిపోయేవాడిని. అది మగవాడి రక్తంలోనూ ఉంటుందని, మోతాదు మించితే అతని కోరికను, శుక్రకణాలను, ఏళ్లు గడిస్తే ఎముకల బలాన్ని కూడా దెబ్బతీస్తుందని నాకు బోధపడింది నా సొంత రిపోర్టు చేతికి వచ్చిన తర్వాతే. ఇటువంటి సంగతులు మన మగవాళ్లు అన్నదమ్ముల దగ్గర కూడా నోరు విప్పి చెప్పుకోరు. అందుకే జరిగింది జరిగినట్టుగా, అంకెలతో సహా రాస్తున్నాను.

మొదటి రెండేళ్లు పరీక్షలన్నీ నా భార్యకే జరిగాయి. థైరాయిడ్, అండాశయాల్లో అండాల నిల్వ తెలిపే రక్తపరీక్ష, నెలనెలా రోజు విడిచి రోజు స్కానింగులు, చివరికి గర్భనాళాలు తెరిచి ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే. ఆ ఎక్స్‌రే తీయించుకుని బయటికి వచ్చినప్పుడు ఆమె గోడ పట్టుకుని నడిచింది. నేను బయట బెంచీ మీద కూర్చుని పదో తరగతి జవాబు పత్రాలు దిద్దుకుంటున్నాను. అన్ని రిపోర్టులూ బాగున్నాయి. ఆమెను చూస్తున్న డాక్టరమ్మ రెండుసార్లు చీటీ మీద నా పేరు రాసి, వీర్య పరీక్ష చేయించుకుని రమ్మన్నారు. మొదటిసారి పరీక్షల డ్యూటీ అన్నాను, రెండోసారి స్పాట్ వాల్యుయేషన్ అన్నాను. నిజానికి నాకు భయంగా ఉండేది, ఆ భయాన్ని తీరిక లేకపోవడంగా చెప్పుకునేవాడిని. సంతానం కలగని జంటల్లో సుమారు సగం మందిలో మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుందని ఆ డాక్టరమ్మ మొదటి రోజే చెప్పారు. విన్నాను, కానీ అది మా గురించి కాదనుకున్నాను.

2023 జూన్‌లో, బడులు తెరిచే ముందు వారం, ఎట్టకేలకు వెళ్లాను. పరీక్షకు ముందు రెండు నుంచి ఏడు రోజుల పాటు దాంపత్యానికి దూరంగా ఉండాలని చెప్పారు, నాలుగు రోజులు ఉన్నాను. ల్యాబ్ వెనక భాగంలో సరిగా గడియ పడని తలుపు ఉన్న ఒక చిన్న గది, చేతిలో నా పేరు అతికించిన ప్లాస్టిక్ డబ్బా, బయట కారిడార్‌లో రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ల మాటలు. ఆ పది నిమిషాలు గడవడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుస్తుంది. కావాలంటే ఇంట్లోనే సేకరించి, ఒంటి వెచ్చదనం తగ్గకుండా గంట లోపల తెచ్చి ఇవ్వవచ్చునని నాకు ఆ తర్వాత తెలిసింది. ముందే ఆ మాట చెప్పి ఉంటే ఎంతోమంది ఈ పరీక్షను వాయిదా వేయరని నా నమ్మకం.

రిపోర్టులో మిల్లీలీటరుకు 50 లక్షల శుక్రకణాలున్నాయని, వాటిలో కదలిక ఉన్నవి 22 శాతమని రాసి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన ప్రమాణాల ప్రకారం ఆ సంఖ్య కనీసం 1 కోటి 60 లక్షలు, కదలిక 42 శాతం ఉండాలి. ఒక్క పరీక్షతో ఏదీ నిర్ణయించకూడదు కనుక నెలన్నర ఆగి మళ్లీ ఇచ్చాను. 60 లక్షలు వచ్చింది. అప్పటి నుంచి మూడు నెలలు ఒక వైద్యుడు రాసిన విటమిన్ గోలీలు మింగాను. ఏ మార్పూ కనిపించకపోయేసరికి ఆయన పురుష హార్మోను టెస్టోస్టిరాన్ పరీక్ష రాశారు. డెసిలీటరుకు 300 నానోగ్రాములకు తగ్గకూడని హార్మోను నాలో 168 ఉంది. తక్కువగా ఉన్నదాన్ని ఇంజెక్షన్‌తో భర్తీ చేద్దామని ఆయన చీటీ రాసిచ్చారు.

ఆ చీటీ జేబులో పెట్టుకుని మెడికల్ షాపు దాకా వెళ్లాను. షాపు మెట్ల మీద నా భార్య అడిగింది: “ఎందుకు తక్కువైందో ఆయన చెప్పిండా?” చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇంజెక్షన్ కొనకుండానే తిరిగి వచ్చాం. ఆ ఒక్క ప్రశ్న మమ్మల్ని ఎంత పెద్ద పొరపాటు నుంచి కాపాడిందో పదిహేను రోజుల తర్వాత తెలిసింది. టెస్టోస్టిరాన్‌ను బయటి నుంచి ఎక్కిస్తే రక్తంలో అది చాలినంత ఉందని మెదడు భావించి, వృషణాలకు పని చెప్పే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను ఇంకా తగ్గించివేస్తుంది. మనిషికి ఒంట్లో హుషారు రావచ్చు, కానీ శుక్రకణాల తయారీ పూర్తిగా ఆగిపోయే ప్రమాదం ఉంది. పిల్లలు కావాలనుకుంటున్న మగవాడికి ఇవ్వకూడని మందు అది. ఈ విషయం చెప్పకుండా దాన్ని రాయడం నా దృష్టిలో చిన్న తప్పు కాదు.

2023 నవంబరులో హన్మకొండలోనే ఒక ఎండోక్రైనాలజిస్టును, అంటే హార్మోన్ల వైద్యుడిని కలిశాం. ఆయన మొదట రిపోర్టులు పక్కన పెట్టి, నన్ను మాట్లాడించారు. కోరిక ఎలా ఉంది, ఎప్పటి నుంచి తగ్గింది, తెల్లవారుజామున అంగస్తంభన ఉంటుందా, తలనొప్పి వస్తుందా, గడ్డం ఎన్ని రోజులకు గీసుకుంటారు అని ఒక్కొక్కటే అడిగారు. భార్య పక్కన ఉండగా జవాబు చెప్పడానికి మొహమాటపడ్డాను గానీ, చెప్పేకొద్దీ నాకే ఆశ్చర్యం కలిగింది. రోజు విడిచి రోజు గీసుకునే గడ్డాన్ని ఏడాదిన్నరగా వారానికి ఒకసారి గీసుకుంటున్నాను. సాయంత్రం ఇంటికి రాగానే పడుకోవాలనిపించేది. దాంపత్యం మీద ఆసక్తి సన్నగిల్లడాన్ని బస్సు ప్రయాణపు అలసట ఖాతాలో వేశాను, నా భార్య దాన్ని తన మీద అయిష్టం ఖాతాలో వేసుకుంది. ఆ రెండో సంగతి ఆమె ఆ గదిలోనే మొదటిసారి బయటికి అంది.

తర్వాత ఆయన నా ఎదురుగా కూర్చుని, తన ముక్కునే చూడమని చెప్పి, రెండు చేతులూ పక్కలకు చాపి వేళ్లు కదిపారు. చూపు అంచుల్లో ఆ వేళ్లు కనిపిస్తున్నాయో లేదో చెప్పమన్నారు. కనిపించాయి. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. చివరగా అడిగారు: “ఏమైనా మందులు వాడుతున్నారా?” లేదని చెప్పాను. అబద్ధం చెప్పాలని కాదు, నిజంగానే లేదనుకున్నాను.

రక్తపరీక్షకు ఉదయం ఎనిమిదింటికి పరగడుపున రమ్మన్నారు. నిద్ర లేచిన వెంటనే కాకుండా కనీసం రెండు గంటల తర్వాత ఇవ్వాలని, ల్యాబ్‌లో అరగంట నిమ్మళంగా కూర్చున్నాకే సూది గుచ్చనివ్వాలని చెప్పారు. ప్రొలాక్టిన్ నిద్రలో పెరుగుతుంది. భయపడినా, పరుగెత్తినా, దాంపత్యం తర్వాతా కొంత పెరుగుతుంది. స్వల్పంగా పెరిగిన ప్రొలాక్టిన్‌కు ఒక్కోసారి సూది భయం తప్ప వేరే కారణమే ఉండదట. నాది అటువంటిది కాదు. మగవారికి మిల్లీలీటరుకు 15 నానోగ్రాములు దాటకూడదని ఆ ల్యాబ్ కాగితం మీద ఉంది, నా అంకె 96. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ అట్టడుగున ఉన్నాయి. టెస్టోస్టిరాన్ అంత తక్కువైనప్పుడు ఆ రెండూ పెరిగి వృషణాలను తట్టి లేపాలి. అవి పెరగలేదంటే లోపం వృషణాల్లో కాదు, పైన ఉందన్నమాట. ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. కొన్ని ల్యాబులు ఇదే ఫలితాన్ని వేరే ప్రమాణంలో, సుమారు 21 రెట్లు పెద్ద అంకెగా ఇస్తాయి. రెండు ల్యాబుల రిపోర్టులను పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు అంకె వెనకున్న ప్రమాణం చూడకపోతే గుండె ఆగినంత పనవుతుంది.

ఆయన వివరించిన తీరు నాకు మరపురాదు. పీయూష గ్రంథి శనగగింజంత ఉంటుంది. దాని పైనున్న మెదడు భాగం హైపోథాలమస్ దానికి చాలా హార్మోన్ల విషయంలో విడుదల చేయమని ఆజ్ఞ ఇస్తుంది, ప్రొలాక్టిన్ విషయంలో మాత్రం ప్రధానంగా ఆపమని ఆజ్ఞ ఇస్తుంది. ఆ ఆపే పదార్థం పేరు డోపమైన్. “మన చెరువు తూముకు షెట్టరు ఉంటుంది కదా సార్, అదీ డోపమైన్. షెట్టరు దించి ఉన్నంతకాలం నీళ్లు చుక్కచుక్కగానే పోతాయి. ఎవరైనా ఎత్తారంటే ఇక పారుడే,” అన్నారు. ప్రొలాక్టిన్ అలా పారినప్పుడు హైపోథాలమస్ నుంచి గంటగంటకూ లయబద్ధంగా పీయూష గ్రంథికి అందవలసిన సంకేతం తడబడుతుంది. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గుతాయి, వాటి వెంట టెస్టోస్టిరాన్, శుక్రకణాలు తగ్గుతాయి. ఇక షెట్టరు ఎత్తింది ఎవరన్నదే తేలాలి.

“మందులేమీ లేవు, కచ్చితమే కదా?” అని ఆయన మళ్లీ అడిగారు. నేను తల ఊపేలోపే నా భార్య అంది: “గ్యాస్ గోలీ వేసుకుంటడు సార్, రోజూ పొద్దుగాల.”

అది నా చొక్కా జేబులోనే ఉంది. పొద్దున ఏడుంబావుకు బస్సు ఎక్కాలంటే టిఫిన్ కుదరదు. మధ్యాహ్నం బడిలో తిన్నాక ఛాతీ మంట మొదలయ్యేది. 2021లో ఒకసారి మెడికల్ షాపులో అడిగితే ఇచ్చారు, పరగడుపున ఒకటి వేసుకోమన్నారు. అప్పటి నుంచి పళ్లు తోముకున్నట్టుగా అదీ ఒక అలవాటైంది. మా ఇంట్లో గ్యాస్ గోలీని మందుగా ఎవరూ లెక్కపెట్టరు. ఇంటికి వచ్చిన చుట్టానికి కడుపు ఉబ్బరంగా ఉందంటే మజ్జిగతో పాటు ఒకటి చేతిలో పెడతాం. డాక్టరు ఆ స్ట్రిప్‌ను వెలుతురు వైపు తిప్పి, సగం చిరిగిన రేకు మీద రెండో వరుసను చిటికెన వేలితో చూపించారు. మొదటి వరుసలో పాంటాప్రజోల్ 40, రెండో వరుసలో డాంపెరిడోన్ 30 అని ఉంది. మొదటిది ఆమ్లాన్ని తగ్గిస్తుంది, దానితో ఈ గొడవ లేదు. రెండోది కడుపును త్వరగా ఖాళీ చేయించడానికి కలిపిన మందు, అది డోపమైన్ పని చేసే చోటును అడ్డుకుంటుంది. డాంపెరిడోన్ మెదడులోకి పెద్దగా వెళ్లదు, కానీ పీయూష గ్రంథి మెదడు రక్షణ గోడకు వెలుపల ఉంటుంది కనుక అక్కడికి సులువుగా చేరుతుంది. గ్యాస్ కోసమే ఇచ్చే గోలీల్లో పాంటాప్రజోల్‌తోనో, రాబెప్రజోల్‌తోనో కలిపి ఉండే లెవోసల్పిరైడ్ కూడా ప్రొలాక్టిన్‌ను బాగా పెంచుతుంది. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా అంతే. రెండున్నరేళ్లుగా నేను రోజూ నా చేత్తో ఆ షెట్టరు ఎత్తుతూ వచ్చాను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మానసిక రోగాలకు వాడే రిస్పెరిడోన్, అమిసల్ప్రైడ్, హాలోపెరిడాల్ వంటి మందులు కూడా ఇదే మార్గంలో ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. అటువంటి మందు వాడుతున్నవారు ఇది చదివి తమంతట తాముగా మానివేయకూడదు. మానితే జరిగే నష్టం చాలా ఎక్కువ. మందు రాసిన మానసిక వైద్యుడికే విషయం చెప్పాలి. ప్రొలాక్టిన్‌ను అంతగా పెంచని వేరే మందులు వారి దగ్గర ఉంటాయి. థైరాయిడ్ బాగా తగ్గినా, మూత్రపిండాలు దెబ్బతిన్నా కూడా ఈ హార్మోను పెరుగుతుంది కాబట్టి నాకు ఆ పరీక్షలూ చేశారు. రెండూ బాగున్నాయి.

గోలీ ఆపి రెండు వారాల తర్వాత మళ్లీ రక్తం ఇచ్చాను. అంతటితో కథ ముగుస్తుందని నాకు నమ్మకం కుదిరింది. డాంపెరిడోన్ అన్నాళ్లు ఒంట్లో ఉండదు, అంకె 15కు దిగాలి. 74 దగ్గర ఆగింది. కొందరిలో ప్రొలాక్టిన్ మన యాంటీబాడీలతో అతుక్కుని పెద్ద ముద్దగా తిరుగుతుందని, దానివల్ల అంకె పెరిగినా హాని ఉండదని, దాన్ని విడదీసి లెక్కించే పరీక్ష ఉందని చెప్పి అదీ చేయించారు. నాలో ఉన్నది అలాంటిది కాదు. “ఒకే ఇంట్లో ఇద్దరు దొంగలు ఉండవచ్చు సార్,” అని ఎంఆర్‌ఐ రాశారు.

స్కానింగ్ గదిలోకి వెళ్లే ముందు ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదన్నారు. ఉంగరం, వాచీ తీశాను. మా అమ్మ కొమురవెల్లిలో కట్టించిన రాగి తాయత్తు ముడి మాత్రం ఎంతకూ రాలేదు. నా భార్య కారిడార్‌లోనే పళ్లతో ఆ నల్లదారం ముడి విప్పి, తాయత్తును తన గుప్పిట్లో పెట్టుకుంది. లోపల ఆ మోత మధ్య కదలకుండా పడుకుని, సగంలో చేతి నరానికి రంగు మందు ఎక్కించుకుని, బయటికి వచ్చేసరికి అరగంట దాటింది. ఆమె గుప్పిట ఇంకా విప్పలేదు. రిపోర్టులో పీయూష గ్రంథి కుడి పక్కన 7 మిల్లీమీటర్ల గడ్డ ఉందని వచ్చింది.

మెదడులో గడ్డ అన్న మాట విన్న రాత్రి మేమిద్దరం నిద్రపోలేదు. మరునాడు డాక్టరు చెప్పింది ఆ రాత్రే తెలిసి ఉంటే కొంత నిద్ర పట్టేది. దీన్ని ప్రొలాక్టినోమా అంటారు, దాదాపు ఎప్పుడూ ఇది క్యాన్సర్ కాదు. 10 మిల్లీమీటర్లకు లోపు ఉంటే చిన్నదిగా, ఆపైన పెద్దదిగా లెక్కిస్తారు. పెద్దదైనప్పుడు పైనున్న కంటి నరాల కూడలిని ఒత్తి, రెండు పక్కల చూపును మింగేస్తుంది. నా ఎదుట వేళ్లు కదిపింది అందుకే. రక్తంలో అంకె 200, 250 దాటితే గడ్డ ఉన్నదనే అనుమానం బలపడుతుంది. చిన్న గడ్డలు నాలాగా తక్కువ అంకెతోనూ ఉంటాయి. స్త్రీలకు ప్రొలాక్టిన్ పెరగగానే నెలసరి ఆగుతుంది లేదా చనుపాలు వస్తాయి కనుక గడ్డ చిన్నగా ఉన్నప్పుడే ఆసుపత్రికి వస్తారు. మగవారికి అటువంటి కొట్టొచ్చినట్టు కనబడే గుర్తు లేదు. రొమ్ములు ఉబ్బడం కొందరిలోనే ఉంటుంది, పాలు రావడం మరీ అరుదు. కోరిక తగ్గిందని చెప్పుకోవడానికి సిగ్గుపడి, తలనొప్పో చూపు మందగించడమో వచ్చాక వెళ్లేసరికి గడ్డ పెద్దదై ఉంటుంది. సంతానం కోసం తిరగబట్టే నాది 7 మిల్లీమీటర్ల దగ్గర దొరికిందని ఆయన అన్నారు.

మరో ఆశ్చర్యం, దీనికి ముందుగా కత్తి అక్కరలేదు. మెదడు గడ్డకు గోలీతో వైద్యమా అని నాకు నమ్మకం కుదరలేదు. డోపమైన్ చేసే పనిని అనుకరించే కాబెర్గోలిన్ అనే మందు హార్మోనును తగ్గించడమే కాక గడ్డను కూడా కుదిస్తుంది. దీనికంటే పాతది బ్రోమోక్రిప్టిన్, దాన్ని రోజూ వేసుకోవాలి, వికారం ఎక్కువ. కాబెర్గోలిన్ వారానికి రెండుసార్లు చాలు. 2024 జనవరి మొదటి వారంలో 0.5 మిల్లీగ్రాముల గోలీలో సగం చొప్పున, గురు, ఆదివారాల్లో రాత్రి అన్నం తిన్నాక మొదలుపెట్టాను. మొదటి రాత్రి నీళ్ల కోసం లేవబోతే కళ్లు తిరిగి మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపోయాను. రక్తపోటు పడిపోవడం వల్ల అలా అవుతుందని, పక్క మీద నుంచి నెమ్మదిగా లేవాలని ముందే చెప్పారు. మూడు వారాలకు అది పోయింది. ముక్కు దిబ్బడ మాత్రం అప్పుడప్పుడూ ఉంది. అరుదుగా ఈ మందు వల్ల జూదం, అతిగా ఖర్చు, అదుపు లేని కోరిక వంటివి మొదలవుతాయని, అది రోగి తాను గుర్తించలేడని, అటువంటి మార్పు కనిపిస్తే తనకు ఫోన్ చేయమని డాక్టరు నా భార్యకు చెప్పారు. పెద్ద మోతాదులో ఏళ్ల తరబడి వాడినవారికి గుండె కవాటాల సమస్య రావచ్చునని, నా మోతాదుకు ఆ భయం తక్కువని కూడా దాచకుండా చెప్పారు.

అమ్మకు చెప్పడం వీటన్నిటికంటే కష్టమైంది. జాతర దగ్గర పడుతుండగా, ఆమె మళ్లీ కోడలి ఎత్తు బంగారం మాట ఎత్తిన రోజున, వంటింటి గడప మీద కూర్చుని మొత్తం చెప్పాను. తలలో శనగగింజంత గ్రంథి, దాని మీద పెసరగింజంత గడ్డ, అందుకే నాలో లోపం అన్నాను. ఆమె గడ్డ గురించి ఆందోళనపడి రెండుసార్లు అడిగి, ప్రాణానికి ముప్పు లేదని తెలిశాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది: “మరి ఇన్నేండ్లు ఆ పిల్లను దవాఖానల పొంటి ఎందుకు తిప్పినం కొడుకా?” నా దగ్గర జవాబు లేదు. ఆ ఫిబ్రవరిలో జాతరకు ముందు అదే దుకాణంలో అదే కాంటా మీద నేను కూర్చున్నాను. అరవై ఎనిమిది కిలోలు తూగింది.

నెల రోజులకు ప్రొలాక్టిన్ 29కి దిగింది. మోతాదు నిండు గోలీకి పెంచాక మూడో నెలలో 9 అయింది. ఒంట్లో మార్పు రక్తంలో మార్పు కంటే కొంచెం ఆలస్యంగా తెలిసింది. రెండో నెల చివర ఒక ఆదివారం, వరుసగా రెండు రోజులు గడ్డం గీసుకోవలసి వచ్చిందని అద్దం ముందు గమనించాను. మిగిలిన మార్పు మా ఇద్దరిది, దాని గురించి ఇంతకంటే రాయను. కానీ శుక్రకణాల సంఖ్య మూడో నెలలో 90 లక్షలే ఉండేసరికి దిగులు పడ్డాను. డాక్టరు దిగులు వద్దన్నారు. ఒక శుక్రకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు పడుతుంది, ఆ తర్వాత బయటికి వచ్చే దారిలో పక్వమయ్యేందుకు మరికొన్ని రోజులు కావాలి. కనుక ఈ రోజు ఇచ్చిన నమూనా మూడు నెలల కిందటి హార్మోన్ల స్థితిని చెబుతుంది. టెస్టోస్టిరాన్ కోలుకున్న తర్వాత మొదలైన పంట ఇంకా కోతకు రాలేదు. ఆరో నెలలో టెస్టోస్టిరాన్ 430, శుక్రకణాలు మిల్లీలీటరుకు 2 కోట్ల 10 లక్షలు, కదలిక 44 శాతం. ఛాతీ మంటకు ఇప్పుడు డాంపెరిడోన్ కలపని గోలీ, అదీ అవసరమైన రోజునే వేసుకుంటున్నాను. పొద్దున రెండు ఇడ్లీలు డబ్బాలో పెట్టుకుని బస్సులోనే తింటున్నాను.

ఈ మధ్యలో చదువుకున్న ఒక విషయం పదో తరగతి పిల్లలకు చెప్పకుండా ఉండలేకపోయాను. ఈ హార్మోనుకు ప్రొలాక్టిన్ అని 1933లో పేరు పెట్టిన ఆస్కార్ రిడిల్ పావురాల మీద పని చేసిన శాస్త్రవేత్త. పావురాలు పిల్లలకు గొంతు సంచిలో ఊరే పాల వంటి పదార్థాన్ని పెడతాయి, దాన్ని ఊరించేది ప్రొలాక్టినే. తల్లి పావురంలోనే కాదు, తండ్రి పావురంలోనూ అది ఊరుతుంది. మా తరగతి గది వెంటిలేటర్‌లో ఒక జంట గూడు ఉంది. పిల్లలంతా ఒక్కసారిగా తలెత్తి అటు చూశారు. ఆ రోజు ప్రొలాక్టిన్‌కు ఒక్క వాక్యం కాదు, ఒక పీరియడ్ మొత్తం ఇచ్చాను. మగవారిలో అది పెరిగితే ఏమవుతుందో కూడా వాళ్ల వయసుకు తగినట్టు చెప్పాను.

గోలీ ఇంకా నడుస్తోంది. ఏడాది నిండాక మళ్లీ ఎంఆర్‌ఐ తీయాలి. కనీసం రెండేళ్లు వాడి, హార్మోను అదుపులో ఉండి గడ్డ కనబడకుండా పోతే అప్పుడు మెల్లగా తగ్గించి చూస్తామన్నారు. మానిన తర్వాత కూడా తిరిగి పెరిగే అవకాశం ఉంది కనుక పరీక్షలు తప్పవు. కృత్రిమ పద్ధతుల మాట ఇప్పుడు వద్దని, సహజంగా ప్రయత్నించడానికి ఇంకా కొన్ని నెలలు చూడవచ్చని నా భార్యను చూసే డాక్టరమ్మ కూడా అన్నారు.

2024 సద్దుల బతుకమ్మ నాడు నా భార్య, మా అమ్మ చెరువు కట్ట మీదికి వెళ్లారు. రాత్రి నేను భోజనం చేసి గోలీ వేసుకుంటుంటే నా భార్య అక్కడ జరిగింది చెప్పింది. బతుకమ్మను నీళ్లలో విడిచి సత్తుపిండి పంచుకునేటప్పుడు మా వాడకట్టు పెద్దామె ఒకరు ఎప్పటిలాగే ఆమె కడుపు వైపు చూసి, ఇంకా ఏ విశేషమూ లేదా అని అడిగిందట. ఐదేళ్లుగా ఆ ప్రశ్నకు తల దించుకోవడం అలవాటైన నా భార్య అప్పుడూ తల దించుకుంది. మా అమ్మ చేతిలోని సత్తుపిండి ముద్దను ఆ పెద్దామె చేతిలో పెట్టి, చుట్టూ ఉన్న ఆడవాళ్లందరికీ వినబడేటట్టు అందట: “మా కోడలికి ఏ కొదువ లేదక్కా. మందులు నడుస్తున్నయి మా కొడుకుకు.”